మీటర్ తిరగని గంటలు

నాగర్‌కర్నూల్,
జూన్ 11

సాంసన్ అన్నకు,
చెల్లె సారమ్మ వందనాలు.

ఎట్లున్నవని అడగను. గద్వాల నుంచి వచ్చే ప్రతి మనిషి నీ సంగతి చెప్తనే ఉన్నడు. నిన్న బస్టాండు కాడ కండక్టర్ నన్ను ఆపి "సారమ్మా, కొత్త కారుకు ఆయిల్ మార్పించినవా? మీ అన్న అడగమన్నడు" అన్నడు. మొన్న ఆదివారం చర్చిల పాస్టరమ్మ గూడ అదే అడిగింది. ఏదో ప్రార్థన మనవి అనుకున్నదేమో పాపం. అంత మందిల నేను ఏం జవాబు చెప్పాలె?

ఫోన్ల చెప్దామంటే నేనొకటంటే నీకొకటి వినబడ్తది. పోయిన వారం "పుస్తకం చూసిన" అంటే "ఎవరు చచ్చిన్రు" అని లొల్లి పెట్టినవు. టచ్ ఫోన్ కొనిస్త, మెసేజ్ చదువుకో అంటే నా వేళ్ల గ్రీజుకు అది పలకదంటివి. ఇగ నాకు కాగితమే దిక్కయింది.

విను. బండితోని ఇచ్చిన పుస్తకంల సాఫ్‌గ రాసి ఉన్నది. మొదటి ఆయిల్ మార్చేది పది వేల కిలోమీటర్లకు, లేకుంటే ఏడాదికి, ఏది ముందైతే అది. నా బండి తిరిగింది పన్నెండు వందలు. వెయ్యికే మార్చాలని నువ్వు అనేది నీ కాలం లెక్క. మొదటి సర్వీసుకు కంపెనీ షెడ్డుకు తీస్కపోతే వాళ్లు అన్నీ చూసి, కడిగి, ఆయిల్ ముట్టకుండ పంపిన్రు. బయటోళ్లు బోల్టు విప్పితే ఇంజన్ గ్యారంటీ పోతదని మరీ మరీ చెప్పిన్రు.

ఈ బండి నాకు ఏందో నీకు తెలుసు. ఆయన పోయినంక పదకొండేండ్లు పుణె, బొంబాయి అని మేస్త్రీల వెనుక తిరిగిన. ఇప్పుడు నా ఊర్ల నా స్టీరింగ్ నేను పట్టుకున్న. ఇక్కడి సర్కారు ఆఫీసోళ్లు వాళ్ల మేడం కోసం నా బండిని ఏడాది ఒప్పందం మీద అద్దెకు పెట్టుకున్నరు. మూడు దినాలు బండి రాకుంటే ఇంకో బండి పెట్టుకుంటమని కాగితంలనే ఉన్నది. శేఖర్ అని ఒకడు తన కారు తెచ్చుకుని గేటు కాడనే కూచుంటడు. "అక్కా, ఆడోళ్లకు డ్రైవింగు కష్టం గదా" అని రోజూ పలకరిస్తడు. ఈ ఇంజన్ ఆగితే మల్ల నేను పుణె బస్సు ఎక్కాలె. అందుకే పుస్తకంల ఉన్నట్టే చేస్త. దయచేసి ఇంక అడగకు.

నీ చెల్లె
సారమ్మ


గద్వాల,
జూన్ 19

చెల్లె సారమ్మకు,

అడగకు అన్నవు. అడుగుత.

ఆ పుస్తకం రాసినాయన ఎక్కడ కూచుని రాసిండో నాకు తెల్వదు గాని ధరూర్ రోడ్డు మీద ఎండాకాలంల మాత్రం కూచోలేదు. కొత్త ఇంజన్ల ఇనుముకు ఇనుము రాసుకుంటది. సన్న రజను రాలి ఆయిల్‌ల కలుస్తది. ఆ మొదటి ఆయిల్‌ను ఎండల పెట్టి చూస్తే మెరుస్తది. ముప్పై నాలుగేండ్ల సంది చూస్తున్న, ఇంగ్లీషు పుస్తకం చదివి నాకు పాఠం చెప్తవా? నీకు స్టీరింగ్ పట్టుడు నేర్పించింది ఎవరు? జములమ్మ జాతర నాడు ఖాళీ ట్రాక్టర్ ఎక్కించి, పక్కన నిలబడి తిట్టుకుంట నేర్పింది ఎవరు?

నాకు ఇక్కడ చెయ్యి ఖాళీ లేదు. నిన్న ఒక్కనాడే మూడు ట్రాక్టర్ల ఇంజన్లు విప్పిన. అయినా నీ కోసం కూచుని రాస్తున్న.

ఇంకోమాట. నాకు కిలోమీటర్లు చెప్పకు, గంటలు చెప్పు. ట్రాక్టర్‌కు గంటల మీటర్ ఉంటది. దున్నినా, ఒక్క కాడనే నిలబడి నూర్పిడి మిషన్ తిప్పినా ఇంజన్ నడిచిన గంట గంటనే. రెండువందల యాభై గంటలకు ఆయిల్ మారుస్తం. నీ బండి ఎన్ని గంటలు నడిచిందో లెక్క రాసి పంపు.

మీ అన్న
సాంసన్


నాగర్‌కర్నూల్,
జూలై 8

అన్నా,

కారుకు గంటల మీటర్ ఉండదు. ఎన్నిసార్లు చెప్పాలె? నీకు లోకంల ఉన్న బండ్లన్నీ ట్రాక్టర్లే. రేపు విమానం ఎక్కినా నాగలి ఎక్కడ తగిలించిన్రని అడుగుతవు.

సరే, గంటలు అడిగినవు గదా, నా రోజు రాస్త. పొద్దుగాల తొమ్మిదింటికి మేడంను ఇంటి కాడ ఎక్కించుకుని ఆఫీసుకు తెస్త. మధ్యల కలెక్టరేట్‌ల మీటింగు ఉంటే అక్కడికి. పల్లెలకు పోయేది వారానికి ఒక్కసారి. అన్నీ కలిపినా రోజుకు ముప్పై కిలోమీటర్లు దాటది. ఆయిల్ ఖరాబ్ కావడానికి నా బండి ఏమన్న హైదరాబాద్ పోయి వస్తున్నదా?

ఈ ఉత్తరం గూడ బండ్లనే కూచుని రాస్తున్న. మేడం లోపలికి పోయింది. "సారమ్మా, ఏసీ బంద్ చేయకు, ఐదు నిమిషాల్ల వస్త, బండి చల్లగుండాలె" అన్నది. గంటన్నర అయింది. రోజూ ఇదే కథ. ఒక్కోనాడు మీటింగు నాలుగు గంటలు నడుస్తది, మధ్యల ఫోన్ మాట్లాడుకోవడానికి వచ్చి వెనుక సీట్ల కూచుంటది. నాకేం తిప్పలు లేదు, చల్లగ కూచుంటున్న. చూసినవా, బండికి పనే లేదు. హాయిగ నిలబడి ఉంటది.

శేఖర్ ఇవ్వాళ గూడ అద్దంల తొంగి చూసి "ఏం రాస్తున్నవక్కా, రాజీనామానా?" అన్నడు. ఒళ్లు మండింది. నిన్ను తలుచుకుంటె ఇంకింత మండింది.

సారమ్మ


గద్వాల,
జూలై 15

సారమ్మా,

తెలివి ఉన్నదా నీకు? బండి హాయిగ నిలబడి ఉంటదని నాకే రాస్తవా?

నీ ఉత్తరం నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలు రాసేదాక ఇంజన్ నడిచింది. మీటర్ ఒక్క గీత తిరగలేదు. తిరిగేది, నిలబడేది కలిపి రోజుకు ఐదు గంటలు ఇంజన్ నడుపుతున్నవు. నెలకు ఇరవై ఐదు దినాలంటే నూట ఇరవై ఐదు గంటలు. ఆరు నెలలకు ఏడువందల యాభై. ట్రాక్టర్‌కైతే నేను ఇన్ని దినాలల్ల మూడుసార్లు ఆయిల్ మార్చి ఉందును. నీ మీటర్ చూస్తే నాలుగున్నర వేల కిలోమీటర్లు చూపిస్తది, ఇంకా సగం గూడ కాలేదని నువ్వు సంబరపడ్తవు. పైగ నిలబడిన బండికి ఎదురుగాలి తగలది, ఇంజన్ తన వేడిల తానే ఉడుకుతది.

ఆ మేడంకు చెప్పు, బంద్ చేస్తనని. చెప్పవు. నాకైతే పేజీలకు పేజీలు చెప్తవు, ఆమె ముందు నోరు లేవదు. పోనీ ఆయిల్ అయినా మార్చు. నేను వచ్చి మారుస్త.

సాంసన్


నాగర్‌కర్నూల్,
ఆగస్టు 2

అన్నా,

రావొద్దు. మార్చొద్దు. షెడ్డుల అడిగిన. వాళ్లు "అమ్మా, కిలోమీటర్లు ఎన్ని" అనే అడిగిన్రు గాని గంటలు ఎన్ని అని ఒక్కరు అడగలేదు. నేనే చెప్పబోతే కౌంటర్ మీది పిల్ల నవ్వింది. నీ వల్ల అక్కడ గూడ ఇజ్జత్ పోయింది.

నవంబర్ల వనపర్తికి ఇస్రాయేలు చిన్నాయిన బిడ్డ పెండ్లికి మనిద్దరం పోతం. పెండ్లిల ఆయిల్ మాట ఎత్తితే అన్నం ముందల నుంచి లేచిపోత. నిజంగ పోత.

సారమ్మ


నాగర్‌కర్నూల్,
నవంబర్ 27

సాంసన్‌కు,

అన్నా అని రాయడానికి చెయ్యి వస్తలేదు.

పెండ్లి నాడు నువ్వు ఆయిల్ మాట ఎత్తలేదు. మనిషి మారిండనుకున్న, మురిసిపోయిన. భోజనాలైనంక "చెల్లె, జర కారు తాళం ఇయ్యి, భాగ్యమ్మ పెద్దమ్మ మోకాళ్లు నొస్తున్నయంట, అమరచింతల దించి వస్త" అన్నవు. ఆమె ముసలిది గదా అని ఇచ్చిన. రెండున్నర గంటలకు వచ్చినవు. చేతులు సబ్బుతోని కడుక్కుని వచ్చినవు. అప్పుడన్న నాకు అనుమానం రావాలె.

పోయిన సోమవారం మేడంను ఎక్కించుకుని పల్లెకు పోతుంటే బండి బరువుగ గుంజింది. వారం నుంచే పొద్దుగాల స్టార్ట్ చేస్తే మూలుగుతున్నది, చలికి అనుకున్న. నడి రోడ్డు మీద ఇంజన్ గుర్తున్న పసుపు పచ్చ లైటు వెలిగింది. ఆపిన. మేడం ఎండల నిలబడ్డది. ఎవరికి ఫోన్ చేసింది? శేఖర్‌కు. పది నిమిషాల్ల వచ్చిండు. నా ముంగటనే ఆమెకు డోరు తీసిండు.

షెడ్డుల బండి పైకి లేపి చూసిన్రు. "అమ్మా, ఇంజన్ కింది బోల్టు ఎవరో విప్పిన్రు, పానా పట్టిన గీతలు ఉన్నయి. ఇది ఈ బండి ఆయిలే కాదు" అన్నడు మెకానిక్. వేలికి రాసి చూపించిండు, తేనె లెక్క చిక్కగ ఉన్నది. ట్రాక్టర్‌ది. నా బండికి పోయాల్సింది నీళ్ల లెక్క పలుచగ ఉంటది. ఇంజన్ మూత మీద నంబర్ రాసే ఉన్నది. ఫిల్టర్ మాత్రం కొత్తది, సరిగ్గ నా బండిదే. అంటే నువ్వు ఫిల్టర్ గద్వాలల ముందే కొని సంచిల పెట్టుకుని పెండ్లికి వచ్చినవు!

పెద్దమ్మకు ఫోన్ చేసిన. "నన్ను ఆటోల ఎక్కించి పంపిండు బిడ్డా, నలుగురి నడుమ ఇరికి వచ్చిన" అన్నది. ముసలామె మోకాళ్లు గూడ నీకు అబద్ధానికి పనికొచ్చినయి.

ఇంజన్‌కు ముప్పు రాలేదు, దేవుని దయ. కడిగి, సరైన ఆయిల్ పోసిన్రు. కాని నా పుస్తకంల ఎర్ర పెన్నుతోని "బయట విప్పబడినది" అని రాసి ఇంజన్ గ్యారంటీ కాలం మీద గీత కొట్టిన్రు. బండి నాలుగు దినాలు షెడ్డులనే ఉన్నది. ఇప్పుడు ఆఫీసుకు శేఖర్ బండి పోతున్నది.

లోకంల అందరు నాకు ఏం చేయాలో చెప్పినోళ్లే. నువ్వొక్కనివి అట్ల కాదనుకున్న. నన్ను ఒక్క మాట అడగలేదు, అది నాకు ఇంజన్ కంటె ఎక్కువ కాలింది. జవాబు రాయకు.

సారమ్మ


గద్వాల,
డిసెంబర్ 3

సారమ్మా,

రాయకు అన్నవు, రాస్తున్న. అవును, నేనే. వనపర్తిల తెలిసినాయన షెడ్డుల విప్పిన. నీ బండిల నుంచి దిగిన ఆయిల్ బొగ్గు కడిగిన నీళ్ల లెక్క ఉన్నది. గంటల లెక్క తప్పు కాదు. అది నువ్వు ఒప్పుకోవాలె. పోసిన ఆయిల్ తప్పయింది. నేను పోసింది మంచి కంపెనీది, నా చేతుల మీద వేల బండ్లకు పోసిన. మూత మీద ఏందో ఇంగ్లీషుల ఉన్నది, కంపెనీ పేరనుకున్న. ఫిల్టర్ అమ్మినాయన "ఆయిల్ గూడ తీస్కపో" అన్నడు, నా కాడ ఉన్నదని చెప్పి వచ్చిన.

నువ్వు ఒప్పుకుంటె నేను ఊకనే ఎందుకు దొంగోని తీరుగ చేస్తుంటి?

సాంసన్


గద్వాల,
జనవరి 9

చెల్లె సారమ్మకు,

క్రిస్మస్‌కు ఫోన్ చేయలేదు. కొత్త సంవత్సరానికి గూడ చేయలేదు. చేసినా నాకు వినబడేది కాదు, అయినా ఆ ఫోన్ మోగుడు చూస్తుంటి, వెలుగుతది గదా.

పోయిన ఉత్తరంల తప్పు నీ మీదికే నూకిన. రాసి డబ్బల వేసినంక సిగ్గయింది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్త. నీకు తప్ప ఎవరికి రాయను.

నాకు రెండేండ్ల సంది ఎడమ చెవి అస్సలు లేదు. కుడిది మోత వింటది గాని మాట వినది. మెకానిక్‌కు చెవే సగం పని. ఇంజన్ ఎక్కడ కొట్టుకుంటున్నదో వినాలె. పోయిన ఏడాది ధరూర్ రైతు ట్రాక్టర్ ఒకటి బాగు చేసి పంపిన. లోపల కొట్టుకుంటున్న సప్పుడు నాకు వినబడలేదు. నాట్ల నడుమ పొలంలనే ఇంజన్ పట్టేసింది. ఆ రైతు నన్ను పిలవకుండ వేరే మెకానిక్‌ను తెచ్చుకున్నడు. తిట్టినా బాగుండు. అప్పటి సంది షెడ్డు ఓనర్ నాకు ఇంజన్ ఇస్తలేడు. డీజిల్‌తోని సామాన్లు కడుగుతున్న, టైర్లకు గాలి పడుతున్న. నీకు మూడు ట్రాక్టర్లు విప్పిన, చెయ్యి ఖాళీ లేదు అని రాసింది అంత అబద్ధం. చెయ్యి ఖాళీగ ఉండబట్టే నీకు అన్ని ఉత్తరాలు రాసిన.

పెండ్లి నాడు నువ్వు చర్చి ముంగట కారు ఆపి దిగినవు. నీ కాడ తాళం తీసుకున్నంక ఎవరు చూడనప్పుడు నేను ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ లేపి, స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి పిడి పండ్లతోని కరిచి పట్టిన. అట్ల పడితే చెవి లేకున్నా దవడ ఎముకలకు సప్పుడు తెలుస్తది. ఇంజన్ అలిసిపోయి ఉన్నది. ఎన్ని దినాలకో ఒక ఇంజన్ నాతోని మాట్లాడింది సారమ్మా. ఫిల్టర్ సంచిలనే ఉండె, ఇగ ఆగలేకపోయిన. నిన్ను అడిగితే వద్దంటవు. వద్దంటే నాకు ఇంక ఏ ఇంజన్ లేదు. అందుకని అడగలేదు.

నీ బతుకు బండి అది. నా పంతం కోసం, నా ఒంటరి పానం కోసం దాని మీద చెయ్యి వేసిన. తప్పయింది. శేఖర్ బండే పోతున్నదా ఇంకా? అది తలుచుకుంటె అన్నం పోతలేదు.

సాంసన్


నాగర్‌కర్నూల్,
ఫిబ్రవరి 4

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మొదటిసారి ఏడ్చిన. రెండోసారి మల్ల కోపమొచ్చింది. రెండేండ్లు చెవి లేదని నాకు చెప్పకుండ ఉన్నవు, మెకానిక్‌వు అయి ఉండి నీ రిపేరు నువ్వే దాచుకున్నవు. మూడోసారి చదివి, లేచి కారు పుస్తకం తీసిన.

చివరి పేజీల సన్న అక్షరాలతోని ఉన్నది. ఎక్కువసేపు నిలబెట్టి ఇంజన్ నడిపే బండ్లకు, దుమ్ము రోడ్ల మీద తిరిగే బండ్లకు ఆయిల్ సగం కిలోమీటర్లకే, సగం కాలానికే మార్చాలని. అయిదు వేలు, ఆరు నెలలు. అంటే నువ్వు మార్చిన నాటికి మార్చాల్సిందే. ఇది నేను ముందే చదవాల్సింది. మొదటి పేజీ చదివి, అంతా తెలిసినట్టు నీ మీద ఎగిరిన.

శేఖర్ తొమ్మిది దినాలే ఉన్నడు. మేడం ఏసీ వేసి ఉంచమంటే మొదటి దినమే తాళం తీసి జేబుల పెట్టుకున్నడంట. ఆమె నాకే కబురు పంపింది. మల్ల అదే ఏసీ కథ నడిచింది. ఈ చివరి పేజీ చదివిన తెల్లారే పుస్తకం తీస్కపోయి ఆమెకు చూపించిన. "మేడం, ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. దాటితే ఇంజన్ బంద్ చేస్త" అన్న. ఆమె ఆ పేజీ చదివి "సరే సారమ్మా" అన్నది. ఇప్పుడు ఫోన్లు ఆఫీసు ఫ్యాన్ కింద మాట్లాడుకుంటున్నది. నీ గంటల లెక్క అట్ల పనికొచ్చింది.

నేను నిన్ను మాఫ్ చేయలేదు. ఆ ఎర్ర గీత కనబడ్డప్పుడల్ల కోపం వస్తది, ఇంకొన్ని దినాలు వస్తది. మే నెలల మల్ల ఆయిల్ మార్చాలె. గ్యారంటీ ఎట్లనూ పోయింది గనుక షెడ్డుకే పోవాలని ఇప్పుడు నాకు లేదు. అంతకుముందు ఒక ఆదివారం నిన్ను మహబూబ్‌నగర్‌ల చెవుల డాక్టర్ కాడికి తీస్కపోత, దానికి వద్దనడానికి లేదు. బండి సంగతి మాత్రం నువ్వే తేల్చుకో. నా నుంచి పిలుపు రాదు.

సారమ్మ


గద్వాల,
ఫిబ్రవరి 12

చెల్లె సారమ్మకు,
సాంసన్ వందనాలు.

డాక్టర్ కాడికి వస్త. చెవిల మిషన్ పెడితే నీ తిట్లు సాఫ్‌గ వినబడ్తయని భయం, అయినా వస్త.

రెండో సంగతికి నాలుగు కాగితాలు చింపిన. మొదటి దాంట్ల "మే నెలల నేను వస్త, బండి తయారు పెట్టు" అని రాసిన. చింపిన. రెండో దాంట్ల "షెడ్డోళ్లకు ఏం తెలుసు" అని మొదలయింది, అది గూడ చింపిన. మిగిలినయి ఏమున్నయో రాయను. పెద్దోన్ని, అన్నను, ముప్పై నాలుగేండ్ల మెకానిక్‌ను. ఇన్నేండ్లల్ల ఎవరి బండి అయినా నా ముంగట తెచ్చి ఆపిన్రు గాని నేను ఎవర్నీ అడగలేదు. ఎట్ల అడగాలో గూడ సరిగ్గ తెల్వదు.

సారమ్మా, మే నెలల నీ బండి ఆయిల్ నన్ను మార్చనిస్తవా? ఏ ఆయిల్ పోయాలో నువ్వు చెప్పు. వద్దంటే ఏమనుకోను.

సాంసన్